మాటలు ఆలస్యమైన పిల్లలకి ఇంట్లో మూడు నెలల ప్లాన్ ఎలా వేసుకోవాలి?

"మా బాబుకి మూడేళ్లు నిండాయి. అమ్మ, తాత, టాటా తప్ప ఇంకో మాట రావట్లేదు. అర్థం మాత్రం అన్నీ అవుతాయి. థెరపీకి తీసుకెళ్తున్నాం. ఇంట్లో మేం ఏం చేయాలి?"

స్పీచ్ థెరపిస్ట్‌గా నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఊరు మారుతుంది, పిల్లల వయసు కాస్త అటూ ఇటూ అవుతుంది, ప్రశ్న మాత్రం అదే. అందుకే వివరంగా ఒకేచోట రాస్తున్నాను. థెరపీకి వారానికి రెండు సార్లు వెళ్లినా, పిల్లాడు మా దగ్గర ఉండేది మహా అయితే గంటన్నర. మిగతా టైమంతా మీ దగ్గరే ఉంటాడు. కాబట్టి అసలు ప్లాన్ మీ వంటింట్లో, బాత్‌రూమ్ దగ్గర, గేటు దగ్గర నడవాలి.

ఇది రెండు నుంచి నాలుగేళ్ల మధ్య ఉండి, వయసుకి తగ్గ మాటలు లేని పిల్లల కోసం. ఒక అంచనా కావాలంటే, రెండేళ్లకి సుమారు 50 మాటలు ఉండాలి, "పాలు ఇవ్వు", "తాత రా" అంటూ రెండేసి కలపడం మొదలవ్వాలి. మూడేళ్లకి చిన్న వాక్యాలు రావాలి, బయటివాళ్లకి కూడా చాలావరకు అర్థం కావాలి. మాటలు బాగానే ఉండి నత్తి వస్తున్నవాళ్లకీ, ఒకటి రెండు అక్షరాలు తిరగనివాళ్లకీ ప్లాన్ వేరుగా ఉంటుంది. వాళ్లు దీన్ని వాడొద్దు.

ముందుగా ఒక హెచ్చరిక. వచ్చిన మాటలు పోతున్నాయంటే, ఏ వయసులోనైనా సరే, ఇది చదవడం ఆపి పిల్లల డాక్టర్‌ని కలవండి. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, ఏదీ వేలితో చూపించకపోవడం, నచ్చింది కనిపిస్తే మీ ముఖంలోకి చూడకపోవడం లాంటివి ఉంటే డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్) చేత ఆటిజం పరీక్ష చేయించండి. ఆ అపాయింట్‌మెంట్ దొరికేలోపు కింది పనులు మొదలుపెట్టేయొచ్చు. డయాగ్నసిస్ పేరు తేలేదాకా ఆగక్కర్లేదు.

కావాల్సినవి

- వినికిడి పరీక్ష రిపోర్ట్
- ఒక రూళ్ల నోట్‌బుక్
- ఫోన్ (వీడియో తీయడానికే, పిల్లల చేతికివ్వడానికి కాదు)
- లోపలున్నది బయటికి కనిపించే, మూత గట్టిగా ఉండే డబ్బాలు రెండు
- బంతి, సబ్బు బుడగల సీసా, ఇంట్లో ఉన్న గిన్నెలు, స్పూన్లు
- ఒకే మాట మీద ఉండే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు (అన్నిటికంటే కష్టంగా దొరికేది ఇదే)

ఫ్లాష్‌కార్డులు, యాప్‌లు, ఖరీదైన కిట్లు కొనక్కర్లేదు.

1. వినికిడి పరీక్ష చేయించండి

"మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు, బిస్కెట్ కవర్ చప్పుడైతే పరిగెత్తుకొస్తాడు, చెవులు బాగానే ఉన్నాయి" అంటారు. అది చాలదు. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి పొర వెనకాల ద్రవం చేరుతుంది. అప్పుడు పెద్ద చప్పుళ్లు వినిపిస్తూనే మాటలు మాత్రం స్పష్టంగా వినిపించవు. పుట్టినప్పుడు ఆస్పత్రిలో పరీక్ష పాసైనా సరే, ఇప్పుడు మళ్లీ చేయించండి. ఓఏఈ (చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చేసే పరీక్ష) కొద్ది నిమిషాల పని. బెరా (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే పరీక్ష) పిల్లలు నిద్రపోతుండగా చేస్తారు కాబట్టి ఆ రోజు పొద్దున నిద్రపోనివ్వకుండా తీసుకెళ్తే సుఖం.

ప్రైవేటులో ఖర్చెక్కువ అనుకుంటే, ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద ఉన్న డీఈఐసీ కేంద్రం (పిల్లల ఎదుగుదల లోపాల్ని త్వరగా గుర్తించి సాయం చేసేది) గురించి మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం, బుద్ధి ఎదుగుదల సమస్యలు చూసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ రెండూ ఉన్నాయి. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే అక్కడ స్పీచ్ థెరపీ రోజులు ఉన్నాయేమో కనుక్కోండి.

2. ఇప్పుడు ఎక్కడున్నాడో రాసుకోండి

మొదటి మూడు రోజులు ఏమీ నేర్పించొద్దు. చూసి రాసుకోండి, అంతే.

మాటల పేజీలో పిల్లాడు సొంతంగా, ఎవరూ చెప్పించకుండా, ఎప్పుడూ ఒకే అర్థంతో వాడేవన్నీ రాయండి. బంతిని ప్రతిసారీ "బా" అంటుంటే అది మాటే. ఆవుని "అంబా" అన్నా మాటే. మీరు అన్న వెంటనే తిరిగి అన్నవి లెక్కలోకి రావు. రైమ్స్, ఏబీసీడీలు, వన్ టూ త్రీలు కూడా రావు. ఇరవై దాకా ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తూ, దాహమేస్తే మాత్రం మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లే పిల్లల్ని నేను చాలామందిని చూస్తుంటాను. ఆ ఇరవై అంకెలూ మన లెక్కలో సున్నా. ఆ చెయ్యి పట్టుకుని లాగడం మాత్రం ముఖ్యం. దాన్ని "సైగలు" అని పక్క కాలమ్‌లో రాయండి.

తర్వాత అర్థం చేసుకోవడం సంగతి. "అన్నీ అర్థమవుతాయి" అని తొంభై పాళ్లు అందరూ చెప్తారు, అందులో కొంత మన ఊహే. బయటికెళ్లే టైంలో గుమ్మంలో నిలబడి "చెప్పులు తీసుకురా" అంటే తెచ్చాడనుకోండి. అతనికి అర్థమైంది మీ మాటా, ఆ సందర్భమా? తేల్చుకోవాలంటే చేతులు వెనక్కి కట్టుకుని, ఆ వస్తువు వైపు కన్ను కూడా తిప్పకుండా, సంబంధం లేని టైంలో అడగండి: "నాన్న చెప్పులు తీసుకురా", "స్పూన్ అమ్మకివ్వు", "దిండు ఎక్కడ?" ఇలాంటివి పది. ఐదు కూడా చేయలేకపోతే, ప్లాన్‌లో మొదటి పని మాట్లాడించడం కాదు, అర్థమయ్యేలా చేయడం.

చివరగా, ఆడుకుంటుండగా పది నిమిషాల వీడియో తీసి దాచండి. మూడు నెలల తర్వాత అదే మీ సాక్ష్యం.

3. లక్ష్యాలు మూడే పెట్టుకోండి

"మాటలు రావాలి", "స్కూల్లో వేసేలోపు వాక్యాలు రావాలి" అనేవి కోరికలు. లక్ష్యం అంటే చదివిన ఎవరికైనా "అయిందా, కాలేదా" తెలిసిపోవాలి. ఏం చేస్తాడు, ఏ టైంలో, ఎంత సాయంతో, పదిలో ఎన్నిసార్లు అనే నాలుగూ అందులో ఉండాలి.

మాటలు అసలు లేని పాపకైతే: "తినేటప్పుడు రెండు వస్తువులు చూపిస్తే, కావాల్సినదాన్ని వేలితో చూపించో, శబ్దం చేసో, మాటతోనో పదిలో ఏడు సార్లు అడుగుతుంది."

ఇరవై ముప్పై మాటలున్న బాబుకైతే: "ఆటలో 'ఇవ్వు, తియ్యి, పెట్టు' అనే మూడింటినీ చెప్పించకుండా పదిలో ఏడు సార్లు వాడతాడు."

యాభై దాటినవాళ్లకి: "రోజులో ఐదు రకాలుగా రెండు మాటలు కలుపుతాడు." అంటే "పాలు వద్దు", "నాన్న రా", "కారు పోయింది" లాంటివి. ఒకే "పాలు కావాలి" ఐదుసార్లు అంటే చెల్లదు.

మూడు లక్ష్యాల్లో ఒకటి అర్థం చేసుకోవడానికి, ఒకటి చెప్పడానికి, ఒకటి కలిసి ఆడటానికి ఉండేలా చూడండి (బంతి నీ వంతు, నా వంతు అని ఐదు సార్లు ఆగకుండా సాగడం లాంటిది). ఇప్పుడున్న చోటు నుంచి ఒక్క మెట్టే పైకి. ఐదు మాటలున్న పిల్లాడికి "నాకు నీళ్లు కావాలి" అని పూర్తి వాక్యం నేర్పించబోవడం నేను ఎక్కువగా చూసే తప్పు. నెల తిరిగేసరికి పిల్లాడికి విసుగు, మీకు టెన్షన్.

4. మాటల్ని ఎంచుకోండి

దాదాపు ప్రతి ఇంట్లో పండ్లు, జంతువులు, రంగులతో మొదలుపెడతారు, చార్టులో ఉండేవి అవే కాబట్టి. కానీ "ఏనుగు" అనడం వచ్చినవాడికి రోజులో దాని అవసరం ఎన్నిసార్లు పడుతుంది? "ఇవ్వు" అవసరం తెల్లారింది మొదలు పడుకునేదాకా పడుతూనే ఉంటుంది.

పది మాటలు చాలు. ఇలా కలుపుకోండి:

- అడగడానికి: ఇవ్వు, కావాలి, మళ్లీ
- కాదనడానికి: వద్దు, అయిపోయింది
- పనులకి: తియ్యి, ఎత్తుకో
- పిలవడానికి: రా
- మీ పిల్లాడికి ప్రాణమైన వస్తువులు రెండు: బంతి, బువ్వ, కారు, ఏదైనా

"వద్దు" నేర్పించడానికి పెద్దవాళ్లు జంకుతారు, మొండికేస్తాడేమోనని. "వద్దు" రాని పిల్లాడు కొరుకుతాడు, విసిరేస్తాడు. అందుకే నేనైతే దాన్ని మొదటి వారంలోనే పెడతాను.

మీ ఇంట్లో "ఇయ్యి" అంటే "ఇయ్యి" అనే నేర్పండి, పుస్తకాల భాష అక్కర్లేదు. బువ్వ, లాల, జోజో లాంటి బుజ్జి మాటలూ వాడొచ్చు. ప, బ, మ, త, ద, న, క ఉన్న మాటలు ముందు పలుకుతాయి. ర, ళ, ఒత్తులు చాలామందికి ఆలస్యంగా తిరుగుతాయి. "రా"ని "లా" అన్నా ఒప్పుకోండి.

ప్లేస్కూల్ వాళ్లు "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అంటే వినకండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. మీకు నోటికి హాయిగా వచ్చే భాషలోనే మాట్లాడండి. పిల్లాడు ఏ భాషలో అన్నా లెక్కలో వేసుకోండి.

5. టైమ్ పెట్టుకోండి

కొత్తగా క్లాసు పెట్టొద్దు. ఎలాగూ రోజూ జరిగే పనుల్లో మూడు ఎంచుకుని, ఒక్కోదానిలో పది నిమిషాలు దీనికివ్వండి: టిఫిన్, స్నానం, సాయంత్రం ఆట. ఇద్దరూ ఉద్యోగానికి వెళ్తుంటే స్నానం, రాత్రి బువ్వ, పడుకునే ముందు ఆట. పిల్లల్ని చూసుకునే ఆయాకి ఒక్క పని, మూడు మాటలు అప్పజెప్పండి. పది మాటల జాబితా ఇస్తే ఏదీ జరగదు.

6. ఆ పది నిమిషాల్లో ఏం చేయాలి

డబ్బాలో మెత్తటి బిస్కెట్ చిన్న ముక్కలు చేసి వేయండి. మూత గట్టిగా పెట్టి పాప ముందు పెట్టండి. (నాలుగేళ్లలోపు పిల్లలకి పల్లీలు, పుట్నాలు, పాప్‌కార్న్, కోయని ద్రాక్షపళ్లు వద్దు, గొంతులో పడతాయి.) పాప డబ్బా తిప్పి చూస్తుంది, మూత లాగుతుంది, రాకపోతే మీ ఒళ్లో పడేస్తుంది.

సరిగ్గా ఇక్కడే మనం చెడగొడతాం. "ఏం కావాలి? తియ్యాలా? తియ్యమని చెప్పు. తి... య్యి... అను!" అని ఊపిరాడకుండా నాలుగు అడిగేస్తాం. ఆగండి. పాప ముఖానికి ఎదురుగా కూర్చుని, కనుబొమలు ఎత్తి, నోరు మూసుకుని, మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఆ పది ఎంత పొడుగో మొదటిసారి చేసినప్పుడు తెలుస్తుంది.

పాప చూసినా, చెయ్యి చాపినా, "ఊఁ" అన్నా మీరే "తియ్యి!" అని మూత తీసేయండి. ఏమీ చేయకపోతే "తి..." అని ఆపి చూడండి. అప్పటికీ రాకపోతే "తియ్యి" అని మీరే అని తీయండి. సాయం రెండు సార్లకి మించకూడదు, ఆ తర్వాత వస్తువు ఇచ్చేయాల్సిందే. ఇచ్చేది ఒక్క ముక్క. గుప్పెడు పోస్తే ఒక్క ఛాన్స్‌తో ఆట అయిపోతుంది, ఒక్కోటీ ఇస్తే పది ఛాన్స్‌లు వస్తాయి.

"చెప్తేనే ఇస్తా" అని ఏడిపించకండి. ఆకలితో, నిద్రతో ఉన్నప్పుడు ఈ ఆట వద్దు. పాలు, అన్నం, నీళ్ల దగ్గర బేరాలు అసలు వద్దు.

మిగతా సమయంలో గుర్తుంచుకోవాల్సినవి ఇవి. పిల్లాడు దేన్ని చూస్తున్నాడో దాని గురించే మాట్లాడండి. "ఇదేంటి? ఇదేం రంగు?" అనే పరీక్షలు తగ్గించి, జరుగుతున్నదే చెప్పండి: "నీళ్లు పోశాం. చల్లగా ఉన్నాయి. మళ్లీ!" అతను ఒక మాట అంటే మీరు ఒకటి కలిపి తిరిగివ్వండి. "తాత" అంటే "తాత వచ్చాడు". "బా" అంటే "తప్పు, బంతి అను" అనకుండా "అవును, బంతి! బంతి ఇవ్వు".

7. ఇంట్లోవాళ్లని కలుపుకోండి

నానమ్మ, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలకి అడిగే పనే పడదు, కళ్లు తిప్పితే చాలు గ్లాసు చేతిలో ఉంటుంది. పెద్దవాళ్లతో "మీవల్లే మాటలు రావట్లేదు" అనకండి. అది నిజమూ కాదు, పని జరగనూ జరగదు. "అత్తయ్యా, పాప మీ మాటే వింటుంది, డబ్బా ఆట మీరు ఆడించండి" అనండి. పది మాటలు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

ఫోన్ విషయం. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట మించకూడదని, అంతకంటే తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ముందు తీసేయాల్సింది అన్నం దగ్గరి ఫోన్, ఎందుకంటే మీ ప్రాక్టీస్ టైమ్‌ని మింగేస్తున్నది అదే. ఒక్కసారిగా ఆపలేకపోతే మొదటి వారం టిఫిన్ దగ్గర మాత్రం ఆపండి. రెండు మూడు రోజులు గోల చేస్తాడు, ముందే అనుకుని ఉండండి.

8. ఆదివారం చెక్ చేసుకోండి

వారానికోసారి, ప్రతి లక్ష్యానికి పది ఛాన్స్‌లు ఇచ్చి గుర్తు పెట్టండి. సొంతంగా చేస్తే "సొ", సాయంతో అయితే "సా", చేయకపోతే గీత. ఒక వరుస ఇలా ఉంటుంది:

తియ్యి: సా, సా, –, సొ, సా, సొ, –, సా, సొ, సా

అంటే సొంతం 3, సాయంతో 5. కిందటి వారం సొంతం 1 అయితే ప్లాన్ పనిచేస్తున్నట్టే.

ఈ లెక్కలో ఎక్కువగా జరిగే పొరపాట్లు ఏంటంటే, మీరు "తి..." అని అందించాక అన్నదాన్ని "సొ" వేసేయడం, బాగా చేసిన రోజునే రాయడం, ప్రతి వారం అమ్మ ఒక్కతే చెక్ చేయడం. అమ్మ దగ్గర "ఇవ్వు" అని, నాన్న దగ్గర ఏడ్చేవాడికి ఆ మాట ఇంకా పూర్తిగా రానట్టే. మూడో ఆదివారం నుంచి ఇంకో మనిషి చేత చేయించండి.

ఆరో వారం, పన్నెండో వారం మళ్లీ పది నిమిషాల వీడియో తీసి మొదటిదానితో పోల్చండి. మాటలు లెక్కపెట్టండి, అతనంతట అతను మిమ్మల్ని కదిలించిన సార్లు లెక్కపెట్టండి, మీరు వేసిన ప్రశ్నలు కూడా లెక్కపెట్టండి. మూడో లెక్క చూసి చాలామంది తల్లిదండ్రులు నవ్వేస్తారు.

9. ప్లాన్ మార్చడం

వరుసగా రెండు వారాలు, ఇద్దరు మనుషులతో, పదిలో ఏడు "సొ" వస్తే మెట్టు ఎక్కండి. నాలుగు వారాలైనా మూడు దాటకపోతే ఈ వరసలో చూసుకోండి. రోజూ ఛాన్స్‌లు నిజంగా ఇస్తున్నారా? అతనికి ఆ మాట అవసరం ఉందా? మెట్టు మరీ ఎత్తుగా ఉందా? చాలాసార్లు మొదటి ప్రశ్న దగ్గరే దొరికిపోతాం.

పన్నెండు వారాలు నిజాయితీగా చేసినా కదలకపోతే, నోట్‌బుక్‌తో థెరపిస్ట్ దగ్గర కూర్చుని పరీక్షలు మళ్లీ చూడమనండి. బొమ్మల కార్డులతోనో, బొమ్మ నొక్కితే మాట పలికే ట్యాబ్‌తోనో అడగడం నేర్పిద్దాం అంటే భయపడొద్దు. వాటివల్ల మాటలు ఆగిపోవు.

థెరపిస్ట్ దగ్గర ఏం అడగాలి

రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (థెరపిస్టుల పేర్లు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని అడగండి, అడగడంలో తప్పు లేదు. ఈ నెల లక్ష్యాలు రాసిమ్మనండి. కొన్ని సెషన్లయినా లోపల కూర్చుని చూడనిమ్మనండి. నెలల తరబడి తలుపు వేసి ఉండి, బయటికొచ్చాక "బాగానే చేస్తున్నాడు" తప్ప ఇంకేం చెప్పకపోతే వేరే చోటు చూసుకోండి. విజిల్ ఊదించడం, కొవ్వొత్తి ఆర్పించడం, నాలుక మీద వైబ్రేటర్ పెట్టడం వల్ల మాటలు వస్తాయనడానికి ఆధారాల్లేవు. నాలుక కింద పొర కోయిస్తే మాటలొస్తాయన్నదీ అంతే. వస పోయడం గురించి కూడా అడుగుతుంటారు. దానివల్ల మాటలు రావు, ఎక్కువైతే వాంతులవుతాయి. "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకే వచ్చాయి" అన్నది నిజమే కావచ్చు. ఆలస్యంగానైనా వాటంతటవే అందుకునే పిల్లలు ఉన్నారు, కానీ మీవాడు వాళ్లలో ఒకడా కాదా అన్నది ముందే చెప్పే పరీక్ష లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి

మూడేళ్లలోపు పిల్లలకి మీ రాష్ట్రంలోని ఎర్లీ ఇంటర్వెన్షన్ ప్రోగ్రామ్‌కి (ఎదుగుదల ఆలస్యమైన చిన్న పిల్లలకి సాయం చేసే ప్రభుత్వ పథకం) మీరే ఫోన్ చేయొచ్చు, డాక్టర్ చీటీ అక్కర్లేదు, పరీక్షకి డబ్బు తీసుకోరు. మూడేళ్లు దాటితే మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి రాతపూర్వకంగా అడగాలి. ఇంట్లో తెలుగే మాట్లాడతామని మొదటి ఫోన్‌లోనే చెప్పి ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. పరీక్షకి వెళ్లేటప్పుడు నోట్‌బుక్‌లోని మాటల పేజీని తీసుకెళ్లండి, పక్కన ఇంగ్లీషులో అర్థాలు రాసి. రిపోర్ట్‌లో ఇంగ్లీషు మాటలే లెక్కపెట్టి ఉంటే, రెండు భాషలూ కలిపి మళ్లీ లెక్క వేయమని అడగండి.